మావయ్యగారి గాజు గిన్నె

సంక్రాంతి దులుపుడు మా ఇంట్లో ఎప్పుడూ హాల్లోంచే మొదలవుతుంది. ఈ ఏడూ అంతే. ఫ్యాన్లు తుడిచాను, కర్టెన్లు ఉతికాను, సోఫా జరిపి దాని కింద దొరికిన పెన్నులూ పిన్నీసులూ ఏరాను. ఆఖర్న కిటికీ పక్కనున్న చేపల తొట్టె మిగిలింది. అది మావయ్యగారిది.

మూడడుగుల గాజు తొట్టె. రిటైరైన ఏడాది కొన్నారు. అందులో ఉండేవి పెద్ద ఖరీదైన చేపలేమీ కావు, తొమ్మిది గౌరామీలు, నాలుగు నాచు మొక్కలు, ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియని చిన్న చిన్న నత్తలు. పన్నెండేళ్ళుగా ఆ తొట్టె సంగతి మేమెవరం పట్టించుకోలేదు, పట్టించుకునే అవసరమే రాలేదు. పొద్దున్నే కాఫీ తాగి, సన్నటి ప్లాస్టిక్ పైపొకటి పట్టుకుని అయిదు నిమిషాలు ఏదో చేసేవారు. అంతే, నీళ్ళు ఎప్పుడూ తేటగా ఉండేవి.

పోయిన శ్రావణంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్క రాత్రిలో పోయాయి. కాలు కొంచెం కొంచెం వస్తోంది. మాట రాలేదు. రోజంతా ఆ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని తొట్టెకేసే చూస్తూ ఉంటారు. చేపలకి మేత వేసే పని అత్తయ్యగారు తీసుకున్నారు. ఆవిడ మనుషులకి వడ్డించినట్టే చేపలకీ వడ్డిస్తారు, "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూ. అయిదు నెలల్లో తొట్టె అడుగున వేలెడు మందాన గోధుమరంగు మడ్డి పేరుకుపోయింది. మొక్కల ఆకుల మీద కూడా నూగులా పట్టింది. వచ్చినవాళ్ళు చూసి మొహం చిట్లించేవారు.

అందుకని ఆ రోజు నడుం బిగించాను. చేపల్ని ప్లాస్టిక్ బకెట్‌లోకి మార్చాను. నీళ్ళన్నీ పారబోశాను. గులకరాళ్ళని బియ్యం కడిగినట్టు ఆరేడు నీళ్ళు కడిగి, అది చాలదని వేణ్ణీళ్ళు పోసి మళ్ళీ కడిగాను. నల్లగా, జిడ్డుగా ఉన్న స్పాంజి ఫిల్టర్‌ని కుళాయి కింద పెట్టి కొత్తదానిలా తెల్లబడేదాకా పిండాను. నత్తల్ని ఏరి చెత్తబుట్టలో పడేశాను. మూలన రాళ్ళలో కూరుకుపోయి ఉన్న పాత గాజు గిన్నె ఒకటి దొరికింది, అంచు విరిగినది. ఎప్పుడో పొరపాటున పడిపోయి ఉంటుందిలే అని దాన్నీ తీసేశాను. కుళాయి నీళ్ళు నిండా పట్టి చేపల్ని వదిలాను. అద్దంలా మెరిసింది తొట్టె. నిజం చెప్పాలంటే మావయ్యగారు మెచ్చుకోవాలని ఆశపడ్డాను కూడా.

ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చూపించబోయారు. నాకర్థం కాలేదు. పండగ పనుల్లో పడిపోయాను.

మూడో రోజుకి నీళ్ళు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి. కనుమ నాటికి నాలుగు పోయాయి. మావయ్యగారు కుర్చీలో మొహం గోడవైపు తిప్పుకున్నారు. తిట్టే నోరున్న మనిషి తిడితే కాసేపు ఏడ్చి ఊరుకోవచ్చు. మాటే లేని మనిషి మొహం తిప్పుకుంటే ఏం చేస్తాం చెప్పండి?

ఆ బాధలో చదవడం మొదలుపెట్టానండీ. తప్పెక్కడ జరిగిందో తెలియాలి కదా. చేపల తొట్టె దగ్గర మొదలైన చదువు నన్ను ఎక్కడెక్కడికో తీసుకెళ్ళి, చివరికి మళ్ళీ మా ఊరి రేవు దగ్గరే దింపింది. అదే మీకు చెబుదామని.

ముందు మాటల సంగతి. డిగ్రీలో తెలుగు చదువుకున్నదాన్ని, ఆ అలవాటు పోదు. అడుగున చేరేదానికి మన భాషలో ఎన్ని పేర్లున్నాయో చూడండి. నూనె అడుగున మడ్డి, నెయ్యి కాస్తే గోదారి, ఏరు తెచ్చి పోసేది ఒండ్రు, చెరువులోనో బావిలోనో చేరితే పూడిక. ఇన్ని పేర్లు పెట్టుకున్నామంటే దానితో మనకి ఎంత పని పడిందో మరి. మా అమ్మమ్మ కాలంలో చెరువు నీళ్ళు తెచ్చుకుంటే చిల్లగింజ అరగదీసి కలిపేవారట. ఇండుపగింజ అని కూడా అంటారు. కుండ లోపలి గోడకి ఆ గింజ రుద్ది నీళ్ళు పోస్తే కాసేపటికి బురదంతా కిందికి దిగి పైన తేట మిగిలేది. తర్వాత దాని చోట పటిక వచ్చింది. తేట వంచుకుని అడుగు పారబోసేవారు. కుండకైతే అదే పద్ధతి. చేపల తొట్టెలో అలా కుదరదు. తినేదీ అక్కడే, విసర్జించేదీ అక్కడే, ఊపిరి తీసేదీ అక్కడే.

పైగా మా తొట్టెలో నీళ్ళు దాదాపు కదలవు. దానికి కారణం గౌరామీలు. వీటికి మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే అవయవం ఇంకొకటి ఉంటుంది. మాటిమాటికీ పైకొచ్చి ఓ గుక్క గాలి మింగి వెళతాయి. మగ చేప నీటి మీద నురగబుడగలతో గూడు కట్టి అందులో గుడ్లు దాస్తుంది. నీళ్ళు జోరుగా తిరిగితే ఆ గూడు చెదిరిపోతుంది. చెరువుల్లో, వరిమళ్ళలో నిలవనీళ్ళలో పుట్టిన జాతి కాబట్టి జోరు వీటికి పడదు. అందుకే పెద్ద మోటారు ఫిల్టర్ పెట్టకుండా, ఒక మూల చిన్న గాలిపంపుతో బుడగలు వదిలే స్పాంజి ఒక్కటే పెట్టారు మావయ్యగారు. నీళ్ళు నెమ్మదిగా ఉంటే చేపకి హాయి. కానీ నెమ్మదైన నీళ్ళు దేన్నీ మోయవు. మేత తునకలు, చేపల రెట్ట, రాలిన ఆకు, అన్నీ అక్కడికక్కడే దిగబడిపోతాయి.

ఈ చిక్కు మొదట ఎవరికొచ్చిందో తెలుసా? లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్తకి. మందులు తయారుచేసే అపోతికరీస్ హాల్‌లో ఆయన ఉద్యోగం, కాపురమూ అక్కడే. 1849లో పన్నెండు గాలన్లు, అంటే మన లెక్కలో సుమారు 54 లీటర్లు పట్టే గాజు తొట్టె ఒకటి పెట్టాడు. అడుగున ఇసుక, గులకరాళ్ళు వేసి, రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లని వదిలి, రిబ్బన్ల లాంటి పొడవాటి ఆకులుండే వాలిస్నేరియా మొక్క నాటాడు. అది మన చెరువుల్లోనూ పెరిగే మొక్కే. చేప వదిలింది మొక్క తీసుకుంటుంది, మొక్క వదిలింది చేప తీసుకుంటుంది, ఇంక నీళ్ళు మార్చే పనే ఉండదని ఆయన ఆలోచన. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ముసలి ఆకులు కుళ్ళి రాలడం మొదలైంది. నీళ్ళు మసకబారాయి. గాజుకి పచ్చటి జిగురు పట్టింది.

అప్పుడాయన ఏం చేశాడు? నాలాగా బకెట్లూ వేణ్ణీళ్ళూ పట్టుకురాలేదు. అయిదారు చెరువు నత్తల్ని తెచ్చి అందులో వదిలాడు. కుళ్ళిన ఆకులన్నీ అవి తినేశాయి, జిగురూ నాకేశాయి. వాటి గుడ్లేమో చేపలకి మేతయ్యాయి. తొట్టె తేటపడింది. ఈ సంగతంతా 1850లో లండన్ కెమికల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ తర్వాత మూడేళ్ళకి, 1853లో, లండన్ జూలో జనం చూడ్డానికి చేపల ఇల్లు తెరిచారు. మరుసటేడు ఫిలిప్ గాస్ రాసిన అక్వేరియం పుస్తకం వచ్చింది. ఇంగ్లండులో గాజు తొట్టెల పిచ్చి ఊరూవాడా పట్టుకుంది.

వారింగ్టన్ ఏరి తెచ్చుకున్న నత్తల్ని నేను ఏరి చెత్తబుట్టలో వేశాను! చదువుతూ చదువుతూ నా నెత్తిన నేనే మొట్టుకున్నాను.

నత్తల సంగతి తేలింది గానీ చేపలు చచ్చిపోయింది దానివల్ల కాదు. ఇది తెలియడానికి ఆయన కొడుకు దాకా వెళ్ళాల్సొచ్చింది. కొడుకు పేరూ రాబర్ట్ వారింగ్టనే. తండ్రి తొట్టె పెట్టేనాటికి వాడు పదేళ్ళ పిల్లాడు. పెద్దయ్యాక రోథమ్‌స్టెడ్‌లో వ్యవసాయ పరిశోధన చేశాడు. భూమిలో పెంట కుళ్ళితే పుట్టే అమ్మోనియా ఎరువుగా ఎలా మారుతుందన్నది ఆ రోజుల్లో పెద్ద ప్రశ్న. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూన్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుకా సున్నపురాయీ నింపిన గొట్టంలోంచి మెల్లగా, చుక్కచుక్కగా దింపారు. ఇరవై రోజుల దాకా మార్పేమీ లేదు. తర్వాత ఉన్నట్టుండి అమ్మోనియా నైట్రేటుగా మారి రావడం మొదలైంది. క్లోరోఫాం పడితే ఆ మార్పు ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నవి ఇసుకని అంటిపెట్టుకుని ఉన్న ప్రాణులన్నమాట. చిన్న వారింగ్టన్ అక్కణ్ణుంచి అందుకుని, ఈ పని రెండు అంచెల్లో జరుగుతుందని, ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్ చేస్తే ఇంకో జాతి దాన్ని నైట్రేట్ చేస్తుందని చూపించాడు. వాటిని విడదీసి పట్టుకోవడం మాత్రం ఆయన చేతికి రాలేదు. 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్‌కి చిక్కాయి.

తండ్రి తొట్టెలో పైకి కనబడే పనివాళ్ళు నత్తలు. కొడుకు వెతికింది కనబడని పనివాళ్ళని. వాళ్ళు ఉండేది రాళ్ళ మీద, స్పాంజిలో, ఆ నల్లటి జిడ్డులో. వేణ్ణీళ్ళతో, కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌తో వాళ్ళని మొత్తం కడిగేశాను. చేపలు వదిలిన అమ్మోనియాని అందుకునేవాళ్ళే లేక అది నీళ్ళలోనే ఉండిపోయింది. మడ్డి చూడ్డానికి అసహ్యంగా ఉందని నేననుకున్నాను గానీ మడ్డి వేరు, స్పాంజికి పట్టిన జిడ్డు వేరు. మడ్డి తీసెయ్యాలి. జిడ్డుని బతకనివ్వాలి.

ఇక్కడ గాజు గిన్నె దగ్గరికొద్దాం.

కనుమ మర్నాడు మావయ్యగారు ఎడమ చేత్తో అదే సైగ మళ్ళీ చేశారు. అరచెయ్యి దొప్పలా పట్టి తొట్టె కుడి మూలకేసి చూపించారు. ఒకటికి పదిసార్లు. దాహమేమోనని నేను నీళ్ళ గ్లాసు తెచ్చాను. విసుక్కున్నారు. అత్తయ్యగారు వంటింట్లోంచి వచ్చి చూసి, "గిన్నె అడుగుతున్నారమ్మా. ఆ మూల గిన్నె ఉండేది కదా, అదేటయింది?" అన్నారు.

నా గుండె జారిపోయింది. పాత సామాన్ల సంచీలో వేసి బాల్కనీలో పెట్టాను. అదృష్టం, పాత సామాన్లవాడు పండగని రాలేదు.

మావారు ఆ గిన్నె చూసి, "అది శాండ్ ట్రాప్ కదా! నాన్న అలాగే అనేవారు," అన్నారు తాపీగా. ఈ ముక్క పండక్కి ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది! సముద్రం ఊళ్ళో పుట్టి చేప ముల్లు కూడా సరిగ్గా తీయడం రాని మనిషి, ఆయన్నని ఏం లాభం.

మావయ్యగారు ముప్ఫై ఏళ్ళు డ్రెడ్జర్ మీద పనిచేశారు. నా పెళ్ళైన కొత్తలో "మీ మావగారేం చేస్తారు?" అని పుట్టింటివాళ్ళు అడిగితే "సముద్రంలో ఇసుక తీస్తారు" అనేదాన్ని. అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. సముద్రంలో ఇసుక తీయడమేమిటి, అదేమైనా అయిపోయేదా? అది ఒక ఊరి బతుకని నాకు ఇప్పుడే తెలిసింది.

మన రేవు కథ మీలో చాలామందికి పైపైన తెలిసే ఉంటుంది. వందేళ్ళ కిందట ఇక్కడ ఓడ ఒడ్డుకి వచ్చేది కాదు. దూరంగా లంగరు వేసుకుని నిలబడితే మసూలా పడవలు అలల మీద ఊగుతూ వెళ్ళి సరుకు దింపుకొచ్చేవి. మధ్య పరగణాల సరుకు బయటికి పోవడానికి దగ్గర దారి విశాఖపట్నమేనని 1877లోనే ఒక నివేదిక వచ్చింది. అయినా మొదటి ప్రపంచయుద్ధం అయ్యేదాకా పని కదల్లేదు. తర్వాత బ్రిటిష్ నౌకాదళానికి చెందిన కర్నల్ కార్ట్‌రైట్ రీడ్, యారాడ కొండ చాటున మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చిత్తడిలో రేవు తవ్వవచ్చునన్నాడు. మన ఉత్తరాంధ్రలో వాగుని గెడ్డ అంటాం, పరాయి జిల్లాల వాళ్ళకి ఆ మాట కొత్త. 1927 నుంచి 1933 దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ చిత్తడిని తవ్వింది. ఈలోపు 1931లో రాయపూర్ రైలు దారి కూడా కలిసింది. 1933 అక్టోబర్ 7న జలదుర్గ అనే ఓడ లోపలికి వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయ్ లార్డ్ విల్లింగ్డన్ వచ్చి రేవుని లాంఛనంగా తెరిచాడు.

పుస్తకాల్లో కథ ఇక్కడికి ముగుస్తుంది. మావయ్యగారి కథ ఇక్కడ మొదలవుతుంది.

రేవంటే ఏమిటి? నీళ్ళు నెమ్మదిగా ఉండే చోటు. ఓడకి కావలసింది అదే, గౌరామీకి కావలసినట్టు. కొండ అడ్డు, ఇరుకు నోరు, లోపల కదలిక తక్కువ. మన తీరంలో ఆటుపోట్ల తేడా కూడా మీటరు, మీటరున్నరే, లోపల చేరినదాన్ని కడిగి బయటికి తీసుకుపోయేంత బలం దానికి లేదు. వెనకనుంచి వానాకాలం గెడ్డ ఒండ్రు తెచ్చి పోస్తుంది. ముందునుంచి సముద్రం ఇసుక తెస్తుంది. ఈ రెండోది అసలు శత్రువు. నైరుతి గాలులున్నన్నాళ్ళూ అలలు ఒడ్డుని ఏటవాలుగా కొడుతూ ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి తోస్తాయి. శీతాకాలం గాలులు మళ్ళితే కొంత వెనక్కి వస్తుంది. కానీ జమాఖర్చు చూస్తే ఏటా లక్షల టన్నుల ఇసుక ఉత్తరానికే నడుస్తుంది. ఒక నది లాగా ఒడ్డు వెంటే, నీళ్ళ కింద. దానికి అడ్డంగా ఓడల కోసం లోతైన కాలువ తవ్వితే ఏమవుతుంది? ఇసుకంతా వచ్చి ఆ గోతిలో పడుతుంది. తవ్విన రేవు ఏడాది తిరక్కుండా పూడుతుంది.

ఇసుకని ఆపడం ఎవరి వల్లా కాదు. అది ఎక్కడ పడాలో మాత్రం కొంతవరకూ మనం చెప్పవచ్చు. రేవు కట్టినవాళ్ళు అదే చేశారు. రెండు పాత ఓడల్ని తెచ్చి రేవు నోటికి దక్షిణాన కావాలని ముంచేశారు. వాటి చాటున అలల జోరు తగ్గి, ఇసుక ఓడల కాలువ దాకా రాకుండా అక్కడే దిగబడుతుంది. ఆ చాటున గొయ్యి తవ్వి ఉంచారు. అదే శాండ్ ట్రాప్, ఇసుక పడే గుంట. డ్రెడ్జర్ వచ్చి తీరిగ్గా ఆ గుంటలోది లాగేసుకుంటుంది. ఓడల దారి శుభ్రంగా ఉంటుంది. 1970లలో బయటి రేవు కట్టి పెద్ద రాతిగోడలు వేసినప్పుడూ దక్షిణం వైపు గుంట ఏర్పాటు ఉంచారు. మునిగిన ఆ ఓడల మీద నుంచే మన ఊరి గొప్పంతా నడిచింది. 1948లో జల ఉష నీళ్ళలోకి దిగడం దగ్గర్నుంచి ఉక్కు కర్మాగారానికి బొగ్గు రావడం దాకా అన్నీ. ఒక్క ఏడాది ఇసుక తీయకపోతే ఏమయ్యేదో ఊహించుకోండి. అయినా ఓడల్ని కట్టినవాళ్ళ పేర్లు ఉన్నట్టు, ఇసుక తీసినవాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. ఇంట్లో మన పనీ అంతేగా, చేస్తే కనపడదు, మానేస్తే కనపడుతుంది.

(చిన్న పక్కదారి. విశాఖ చేపల గురించి వెతుకుతుంటే పాట్రిక్ రస్సెల్ తగిలాడు. 1780లలో కుంపిణీ తరఫున ఇక్కడ ఉన్న వైద్యుడు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలతో 1803లో పుస్తకం వేశాడు. చేపలకి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మన సొర అందులో ఉంది. పాముల పుస్తకంలో బంగారు పాము అని రాస్తే, దాని నుంచే కట్లపాము జాతికి బంగారస్ అని శాస్త్రీయ నామం వచ్చింది. తెలుగు డిగ్రీ దేనికి పనికొస్తుందని అడిగే మా అబ్బాయికి ఈ ముక్క ప్రత్యేకంగా చదివి వినిపించాను.)

ఇప్పుడు తొట్టెలోకి చూడండి. ఎడమ మూల స్పాంజి. బుడగలతో పాటు అక్కడ నీళ్ళు మెల్లగా పైకి లేస్తాయి, పైపైన కుడివైపుకి సాగుతాయి, కుడి గాజుకి తగిలి కిందికి దిగుతాయి. ఆ దిగే చోట జోరు చచ్చిపోతుంది. మోసుకొచ్చినదంతా అక్కడ వదిలేస్తాయి. మావయ్యగారు రాళ్ళన్నీ ఎడమన ఎత్తుగా, కుడికి వాలుగా పేర్చి, ఆ కుడి మూల గిన్నెని అంచు దాకా రాళ్ళలో దించారు. చేపలు రెక్క ఆడించినప్పుడల్లా మడ్డి రేగి, వాలుగా జారి గిన్నెలో చేరేది. మేత కూడా గిన్నె మీదే వేసేవారట, మిగిలిందల్లా అందులోనే పడేలా. పొద్దున్నే పైపు పెట్టి గిన్నెలోది మాత్రం పీల్చేసేవారు. ఓ చెంబెడు నీళ్ళు పోయేవి, ముందురోజు బకెట్‌లో పట్టి ఉంచిన చెంబెడు నీళ్ళు పోసేవారు. అంతే. మిగతా తొట్టెని ముట్టుకునేవారే కాదు. అయిదు నెలలు ఆ గిన్నె ఎవరూ తీయక నిండిపోయి పొర్లింది. నేను చూసిన మడ్డి అది.

గిన్నె కడిగి మళ్ళీ పెట్టాను. మొదటిసారి తప్పు మూల పెట్టాను, మావయ్యగారు చెయ్యి అడ్డంగా ఊపారు. రెండోసారి రాళ్ళ వాలు సరిపోలేదు. మూడోసారికి చెయ్యి దించేశారు.

తర్వాత ఇరవై రోజుల నిరీక్షణ. ఫ్రెంచి వాళ్ళిద్దరి గొట్టం గుర్తుచేసుకుంటూ రోజులు లెక్కపెట్టాను. మిగిలిన అయిదు చేపలు ఉంటాయా పోతాయా అన్నది ఆ ఇరవై రోజుల మీదే ఉంది. కొత్త సూక్ష్మజీవులు వచ్చి రాళ్ళకి పట్టేదాకా అమ్మోనియాని మనమే తగ్గించాలి. రోజూ నాలుగో వంతు నీళ్ళు తీసి, ఒక రోజంతా మూత లేకుండా బకెట్‌లో నిలవబెట్టిన నీళ్ళు పోశాను. అలా నిలవుంటే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. మేత రోజు విడిచి రోజు, అదీ చిటికెడు. అత్తయ్యగారు ఇందుకు ఒప్పుకోడానికే చాలా కష్టమైంది. "నోరులేని జీవాల్ని పస్తులుంచుతారా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చేపల తొట్టెలున్న మా వీధి చివరి ఇంటావిడ గుప్పెడు నత్తలిచ్చారు. ఆవిడ ఫిల్టర్ స్పాంజి పిండిన నల్లటి నీళ్ళు కూడా ఒక సీసాడు అడిగి తెచ్చుకున్నాను. నన్ను చూసి పిచ్చిదేమో అనుకుని ఉంటారు. కానీ మన పెరుగుకి తోడు పక్కింట్లోంచి తెచ్చుకోమూ? ఇదీ అంతే.

మధ్యలో ఇంకొకటి పోయింది. నాలుగు మిగిలాయి.

పద్దెనిమిదో రోజు పొద్దున్న నీళ్ళు కొంచెం పల్చబడ్డాయి. శివరాత్రి ముందు వారానికి తొట్టె వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు స్పష్టంగా కనిపించాయి. గిన్నెలో కాస్త మడ్డి చేరింది. పైపు నోటితో పీల్చి లాగడం చేతకాక ఆ నీళ్ళు రెండుసార్లు మింగాను కూడా. ఆ రుచి గురించి అడక్కండి. ఇప్పుడు చెయ్యి తిరిగింది. ఆ చెంబెడు మడ్డి నీళ్ళు బాల్కనీలో మల్లెచెట్టుకి పోస్తున్నాను. చెరువు పూడిక మట్టిని రైతులు బళ్ళ మీద తోలుకెళ్ళి పొలాలకి వేసుకున్నట్టే.

రేవు ఇసుకకీ అలాంటి దారే ఉంది. ఉత్తరానికి పోవాల్సిన ఇసుకని గుంటలో ఆపేశాం కదా, మరి ఉత్తరాన ఉన్న ఒడ్డుకి ఏది? ఆర్.కె. బీచ్‌కి రావాల్సిన ఇసుక రాకపోతే అలలు ఉన్న ఒడ్డుని తినేస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక ఆ బీచ్ ఎంత కోతకి గురైందో మనం కళ్ళారా చూశాం. అందుకని గుంటలోంచి తీసిన ఇసుకని డ్రెడ్జర్ మోసుకొచ్చి పైపుల ద్వారా మళ్ళీ ఆ ఒడ్డు మీదే పోస్తుంది. దక్షిణాన తీసి ఉత్తరాన ఇవ్వడం. అలలు చేసే పనిని మనుషులు డీజిలు ఖర్చుపెట్టి చేస్తున్నారు. ఇది ఒకసారి చేసి చేతులు దులుపుకునే పని కాదు, ఏటా ఉండేదే.

మార్చిలో ఒక ఆదివారం సాయంత్రం మావయ్యగారిని కారులో బీచ్ రోడ్డుకి తీసుకెళ్ళాం. పక్షవాతం తర్వాత అదే మొదటిసారి. మత్స్యదర్శిని దాటాక కారు ఆపి, చక్రాల కుర్చీలో గట్టు దాకా నెట్టుకెళ్ళాను. దూరంగా సముద్రంలో డ్రెడ్జర్ నిలబడి ఉంది. ఒడ్డున పైపు నోట్లోంచి నల్లటి ఇసుక నీళ్ళు ధారగా పడుతున్నాయి. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఒకావిడ ముక్కు మూసుకుని, "ఛీ, ఈ మురికంతా తెచ్చి ఇక్కడ పోస్తున్నారేంటి," అంది పక్కావిడతో.

మావయ్యగారు నాకేసి చూశారు. ఆవిడతో ఏమైనా చెప్పమన్నట్టు గడ్డం ఎగరేశారు. నేను రెండడుగులు వేసి, "అది మురిక్కాదండీ, రేపు ఎండకి ఆరితే ఇసుకే," అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగి చూస్తే మావయ్యగారు ఎడమ అరచెయ్యి దొప్పలా పట్టి ఒళ్ళో పెట్టుకుని, ఆ ధారని చూస్తూ కూర్చున్నారు. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం.